గ్యాస్ మాత్ర మామగారికి నేనే ఇచ్చాను, ఇప్పుడు ఎవరికీ చెప్పలేకపోతున్నాను

ఈసారి వచ్చిన ఉత్తరం పెద్దది. పేరు వేయొద్దన్నారు కాబట్టి వేయడం లేదు, ముఖ్యమైన సంగతులు మాత్రం కుదించి ఇస్తున్నాను.

రాసినావిడకి 43 ఏళ్ళు. ఎనిమిది నెలల కిందట పొట్టలో ఇబ్బంది మొదలైంది. తిన్న కాసేపటికి ఉబ్బరం, పొత్తికడుపులో మెలిపెట్టినట్టు నొప్పి, మోషన్ అయితే ఆ నొప్పి తగ్గిపోతుంది. దానికి తోడు రాత్రి పడుకోగానే ఛాతీలో మంట, గొంతులోకి పుల్లగా రావడం. డాక్టర్ ఒక మాత్ర రాశారు, రోజుకి మూడు చొప్పున 15 రోజులు. స్ట్రిప్ మీద ఉన్న పేర్లు ఆవిడే చూసి రాసి పంపారు: డైసైక్లోమిన్, అల్యూమినియం హైడ్రాక్సైడ్, మెగ్నీషియం హైడ్రాక్సైడ్, సైమెథికోన్. మొదటి వారంలోనే హాయిగా అనిపించింది. గడువు అయ్యాక ఆపితే నొప్పి తిరిగి వచ్చింది, అదే చీటీ చూపించి మళ్ళీ కొన్నారు, అలా కొంటూనే ఉన్నారు. మధ్యలో ఒకసారి అడిగితే డాక్టర్ "ఏం కాదు, వాడుకోండి" అన్నారట. ఇప్పుడు మెలిపెట్టడం తగ్గింది గానీ ఛాతీలో మంట ఎక్కువైంది, నోరు ఎండిపోతోంది, మోషన్ మూడు రోజులకోసారి. థైరాయిడ్ మాత్ర డోసు ఈ మధ్య రెండుసార్లు పెంచారు. భర్త "అదంతా టెన్షన్, మాత్రలన్నీ మానెయ్" అంటున్నారు.

అసలు బాధ ఆ తర్వాత రాశారు. "మూడు వారాల కిందట మా మామగారు, 72 ఏళ్ళు, 'నాకూ గ్యాస్ పట్టేసింది, నీ మాత్ర ఒకటి ఇయ్యమ్మా' అన్నారు. ఇచ్చాను. రెండు రోజుల్లో ఐదు మాత్రలు ఇచ్చి ఉంటాను. రెండో రోజు రాత్రి ఆయనకి మూత్రం ఆగిపోయింది, విలవిల్లాడిపోయారు. హాస్పిటల్లో పైపు వేసి తీశారు. ప్రోస్టేట్ వాపు ఉందని ముందే తెలుసు, అది ముదిరిందన్నారు, ఆపరేషన్ గురించి మాట్లాడుతున్నారు. తర్వాత ఆ మాత్రల డబ్బాలో ఉన్న కాగితం చదివాను, ప్రోస్టేట్ వాపు ఉన్నవాళ్ళు వాడకూడదని అందులో ఉంది. నాకు నిద్ర పట్టడం లేదు. చెబితే అందరూ నన్నే అంటారు. చెప్పకపోతే..." అని వాక్యం అక్కడే వదిలేశారు. తన మాత్ర కొనసాగించాలా ఆపాలా, మామగారి సంగతి చెప్పాలా వద్దా, ఇవీ ప్రశ్నలు.

---

అమ్మా, మీరు ముందు మీ పొట్ట గురించి రాసి, మామగారి సంగతి చివర్లో రాశారు. నేను చివరి నుంచే మొదలుపెడతాను, ఎందుకంటే మీ పొట్ట ఇంకో వారం ఆగగలదు, ఆయన ఆపరేషన్ నిర్ణయం ఆగకపోవచ్చు.

నేను ఫార్మసిస్టుని. రోగం ఏమిటో తేల్చడం నా పని కాదు, మందు ఒంట్లోకి వెళ్ళాక ఏం చేస్తుందో చెప్పడం నా పని, అది చెబుతాను. డైసైక్లోమిన్ అనేది పేగు కండరాలు బిగుసుకోకుండా వదులు చేసే మందు. నరం నుంచి కండరానికి "బిగుసుకో" అని కబురు మోసే ఎసిటైల్ కోలిన్ అనే రసాయనం ఒకటుంటుంది, దాన్ని ఈ మందు అడ్డుకుంటుంది. చిక్కేమిటంటే అదే రసాయనం నోట్లో లాలాజలానికీ, కంటిపాపకీ, గుండె వేగానికీ, మూత్రాశయానికీ కూడా కబురు మోస్తుంది, మందు వెళ్ళి పేగు దగ్గర మాత్రమే కూర్చోదు కదా. మూత్రం బయటికి రావాలంటే మూత్రాశయం గట్టిగా నొక్కుకోవాలి. మీ మామగారికి ప్రోస్టేట్ వాపు వల్ల దారి ముందే ఇరుకుగా ఉంది, ఇన్నాళ్ళూ ఆ మూత్రాశయం కొంచెం ఎక్కువ బలం పెట్టి నెట్టుకొస్తోంది. ఆ బలాన్ని మందు తగ్గించేసింది. ఇలా జరిగి ఉండటానికి బాగా అవకాశం ఉంది, ఇదే కారణమని నేను ఇక్కడ కూర్చుని తీర్పు చెప్పలేను. ఆ వయసు, ఆ ప్రోస్టేట్ ఉన్నాయి కాబట్టి మాత్ర లేకపోయినా ఎప్పుడో ఒకప్పుడు జరిగి ఉండొచ్చు కూడా.

మీ తప్పేం లేదని మాత్రం అనను, అంటే మీరూ నమ్మరు. మనకు రాసిన మాత్ర ఇంకొకరికి ఇవ్వడం తప్పే. కాకపోతే అది ప్రతి ఇంట్లో జరిగే తప్పు, "గ్యాస్ మాత్ర" అనే పేరే అంత పని చేస్తుంది, అందులో నరాల మీద పనిచేసే మందు ఉందని ఆ పేరు వింటే ఎవరికి తడుతుంది? ఇంకోమాట, ఆయన ప్రోస్టేట్ మీరు పెంచింది కాదు.

ఇప్పుడు చెప్పాలా వద్దా. చెప్పకపోతే ఏమవుతుందో చూడండి. మూత్రం ఉన్నట్టుండి ఆగిపోయినప్పుడు డాక్టర్లు అడిగే మొదటి ప్రశ్నల్లో "ఈమధ్య కొత్త మందు ఏదైనా వేశారా" అన్నది ఒకటి. ఆ ప్రశ్నకి లేదనే సమాధానం వెళ్ళి ఉంటుంది. మందు వల్ల ఆగిందంటే, ఆ మందు ఒంట్లోంచి పోయాక, ప్రోస్టేట్ వదులు చేసే టామ్సులోసిన్ లాంటి మాత్ర కొన్నాళ్ళిచ్చి పైపు తీసి చూస్తారు, సొంతంగా మూత్రం వస్తే ఆపరేషన్ గురించి నిదానంగా ఆలోచించే వీలుంటుంది. ఏ కారణమూ లేకుండా ఆగిందనుకుంటే లెక్క వేరు. ఆపరేషన్ అక్కర్లేదని నేను అనడం లేదు, ఒక ముఖ్యమైన సంగతి తెలియకుండా ఆ నిర్ణయం జరుగుతోందని అంటున్నాను. రెండో ప్రమాదం ఇంకా మామూలుది: ఇంట్లో ఎవరికీ తెలియదు కాబట్టి ఆరు నెలల తర్వాత మళ్ళీ ఆయనకి ఉబ్బరంగా ఉంటే ఇంకెవరో ఇదే మాత్ర ఇస్తారు. జలుబు మాత్రల్లో కూడా మూత్రాన్ని ఇలాగే ఆపగలిగేవి ఉంటాయి, ముక్కు దిబ్బడ తగ్గించేవీ, నిద్రమత్తు తెచ్చేవీ, వాటి గురించీ ఆయనకి హెచ్చరిక అందాలి.

ఎలా చెప్పాలి అన్నది మీ ఇల్లు మీకే తెలుసు. ఇంటిల్లిపాదినీ కూర్చోబెట్టి ఒప్పుకోలు ప్రకటన చేయాల్సిన పనేం లేదు. ముందు డాక్టర్‌కి ఒక్కరికే చెప్పొచ్చు, ఫోన్‌లోనైనా సరే, ఫలానా తేదీల్లో ఈ మందు ఇన్ని మాత్రలు వేసుకున్నారు అని, అంతే. అలా చెబితే వైద్యం సరైన దారిలో పడుతుంది, కానీ ఆ మాట డాక్టర్ నోటి నుంచి మీ అత్తగారికి చేరితే "దాచింది" అనే మాట దానికి తోడవుతుంది. ముందు మీ ఆయనకి చెప్పి ఇద్దరూ కలిసి వెళ్తే ఆ రాత్రి ఇంట్లో ఒక గొడవ తప్పదేమో గానీ ఆ తర్వాత మీరు ఒంటరిగా మోయక్కర్లేదు. లేదా నేరుగా మామగారికే చెప్పొచ్చు. ఉత్తరంలో ఆయన మిమ్మల్ని అడిగిన తీరు చూస్తే నాకైతే అదే తేలికైన దారేమో అనిపిస్తోంది, అడిగి వేసుకున్నది ఆయనే కదా, ఆయనకి ఆ మాత్ర గుర్తుండే ఉంటుంది. బహుశా ఆయన కూడా మీ కోసమే నోరు మెదపకుండా ఉన్నారేమో, ఎవరు చూశారు. ఏ దారి పట్టినా పైపు తీసే లోపు, ఆపరేషన్ తేదీ ఖాయం చేసే లోపు చెప్పండి.

ఇక మీ పొట్ట.

మీకు రెండు బాధలున్నాయి, వాటిని మీరు ఒకటే అనుకుంటున్నారు, అందుకే ఇంత చిక్కు వచ్చింది. కింద మెలిపెట్టి మోషన్‌తో తగ్గేది పేగు బాధ. పడుకోగానే ఛాతీలోకి ఎగదన్నేది పైన, ఆహారం దిగే గొట్టానికీ జీర్ణాశయానికీ మధ్య ఉన్న కండరపు మూత బాధ. ఆ మూత బిగుతుగా ఉంటే యాసిడ్ కిందే ఉంటుంది, వదులైతే పైకి వస్తుంది. మరి డైసైక్లోమిన్ పని ఏమిటి? కండరాలు వదులు చేయడం. పేగుతో పాటు ఆ మూతని కూడా వదులు చేస్తుంది, పైగా జీర్ణాశయం ఖాళీ అయ్యే వేగాన్ని తగ్గిస్తుంది, తిన్నది ఎక్కువసేపు అక్కడే ఉంటుంది. యాసిడ్ ఎగదన్ని ఆహారనాళం పుండ్లు పడినవాళ్ళు డైసైక్లోమిన్ వాడకూడదని అమెరికాలో ఆ మందు లేబుల్ మీదే ఉంటుంది. అంటే మీ మాత్రలో ఒక సగం (అల్యూమినియం, మెగ్నీషియం, అంటే యాసిడ్‌ని విరిచే యాంటాసిడ్) మంట ఆర్పుతుంటే ఇంకో సగం, డైసైక్లోమిన్, మంటకి తలుపు తీస్తోంది. కింది నొప్పి తగ్గి పై మంట పెరిగిందని మీరు రాసింది ఈ లెక్కకి సరిగ్గా సరిపోతోంది.

ఇంకో విచిత్రం చెప్పనా. తిన్నాక మెలిపెట్టేవాళ్ళకి పేగు వదులు చేసే మందు భోజనానికి ముందు పడితే ఉపయోగం. యాంటాసిడ్‌కి అది తిరగబడుతుంది: ఖాళీ కడుపు మీద వేస్తే అరగంట నుంచి గంట పనిచేసి జారిపోతుంది, తిన్న గంటకి వేస్తే దాదాపు మూడు గంటలు నిలుస్తుంది. రెండూ ఒకే మాత్రలో కుక్కితే దాన్ని ఎప్పుడు వేసుకోవాలి? పైగా యాంటాసిడ్ పక్కనుంటే డైసైక్లోమిన్ జాతి మందులు ఒంటికి సరిగ్గా పట్టకపోవచ్చని, రెండూ ఒకేసారి వేసుకోవద్దని ఆ లేబులే చెబుతుంది. ఇలాంటి కలగలుపు మాత్రలంటే నాకు మొదటినుంచీ పెద్ద గౌరవం లేదు, ఆ సంగతి దాచను. మీ డాక్టర్ని మాత్రం తప్పు పట్టలేను. పైనా కిందా ఇబ్బంది ఉన్న మనిషికి రెండు వారాలకి ఒక మాత్ర రాయడంలో వింత లేదు, చాలామందికి ఆ రెండు వారాల్లో సర్దుకుంటుంది కూడా. 15 రోజుల చీటీ ఎనిమిది నెలలు నడిచింది, అసలు తిరకాసు అక్కడ ఉంది. డైసైక్లోమిన్ పూర్తి డోసులో రెండు వారాలు వాడినా గుణం లేకపోతే ఆపేయమని కూడా ఆ లేబుల్ మీద ఉంటుంది. మీకు గుణం కనిపించింది, నిజమే, ఏ గుణం ఏ సగానిదో ఎవరూ విడదీసి చూడలేదు.

మోషన్ సంగతి. అల్యూమినియం బిగబడుతుంది, మెగ్నీషియం జారుస్తుంది, అందుకే రెండూ కలుపుతారు, లెక్క సరిపోవాలని. కానీ మీ మాత్రలో పేగు కదలికని తగ్గించే మూడోది కూడా ఉంది కాబట్టి తూకం బిగబట్టే వైపే మొగ్గింది. మూడు రోజులు మోషన్ కాకపోతే పొట్ట ఉబ్బరించదా, మెలిపెట్టదా? దానికి మీరు మళ్ళీ అదే మాత్ర వేస్తున్నారు.

అన్నిటికన్నా నన్ను కలవరపెట్టింది మీరు మామూలుగా రాసేసిన ఒక వాక్యం: "పొద్దున్నే థైరాయిడ్ మాత్రా ఇదీ పరగడుపున కలిపి వేసుకుంటాను." అల్యూమినియం ఉన్న యాంటాసిడ్ థైరాయిడ్ మందుని పేగులోనే పట్టుకుని రక్తంలోకి పోకుండా ఆపేస్తుంది. రెండింటికీ మధ్య నాలుగు గంటలుండాలి. మీ డోసు రెండుసార్లు పెంచింది మీ థైరాయిడ్ పాడైనందుకు కాకపోవచ్చు, వేసుకున్న మాత్ర ఒంటికి పట్టనందుకు కావచ్చు. మీకు థైరాయిడ్ మందు రాసే డాక్టర్‌కి ఈ మాత్ర గురించి తెలుసా? తెలియదనే నా అనుమానం.

ఇప్పుడు మీ ముందున్న దారులు. ఇలాగే కొనసాగించడం ఒకటి, దాని ఫలితం మీరు ఎనిమిది నెలలుగా చూస్తూనే ఉన్నారు, నేను చెప్పేదేం లేదు.

మీ ఆయన అన్నట్టు రేపట్నుంచి అన్నీ మానేయడం ఇంకొకటి. మీ స్ట్రిప్‌లో ఉన్న నాలుగింట్లో ఒక్కసారిగా ఆపితే ప్రమాదం చేసేది ఏదీ లేదు, మెలిపెట్టడం కొన్నాళ్ళు తిరిగి రావచ్చు, అంతవరకే. (ఇది చదివే ఇంకెవరికైనా స్ట్రిప్ మీద క్లోర్‌డయాజెపాక్సైడ్, క్లిడినియం అని ఉంటే మాత్రం ఈ మాట మీకు వర్తించదు, అందులో మొదటిది అలవాటు పడే మందు, నెలల తరబడి వాడి ఉంటే డాక్టర్ చెప్పినట్టు మెల్లగా తగ్గించాలి.) కానీ మీ విషయంలో ఒక మెలిక ఉంది. యాంటాసిడ్ ఆపగానే పెంచిన థైరాయిడ్ డోసు మొత్తం ఒంటికి పట్టడం మొదలవుతుంది, అది మీకు ఎక్కువైపోవచ్చు. గుండె దడ, చేతులు వణకడం, ఉత్తపుణ్యానికి చెమటలు, నిద్ర పట్టకపోవడం కనిపిస్తే అది మళ్ళీ టెన్షన్ ఖాతాలో వేసేయకండి. ఆపిన రోజే ఆ డాక్టర్‌కి చెప్పి, ఆరు నుంచి ఎనిమిది వారాలకి టీఎస్‌హెచ్ పరీక్ష (థైరాయిడ్ డోసు సరిపోతోందో లేదో చూపే రక్తపరీక్ష) చేయించుకోండి, దడ వస్తే అంతకన్నా ముందే. డోసు మాత్రం మీ అంతట మీరు తగ్గించకండి.

మూడో దారి, డాక్టర్ దగ్గరికి వెళ్ళి రెండు బాధలకీ విడివిడిగా చూడమని అడగడం. నేను మీ స్థానంలో ఉంటే ఇదే చేస్తాను. వెళ్ళేముందు రెండు వారాలు ఒక పుస్తకంలో రాయండి: నొప్పి ఎక్కడ, తిన్న ఎంతసేపటికి, మోషన్‌తో తగ్గిందా, మంట పడుకుంటేనా కూర్చున్నా వస్తోందా. "గ్యాస్" అనే మాట వాడకుండా చెప్పండి, ఆ మాట వినగానే ఎదుటివాళ్ళు ఇక వినడం ఆపేస్తారు. పేగు నొప్పికి మెబెవెరిన్ లాంటివి ఉన్నాయి, అవి నోరు ఎండబెట్టడం, మూత్రం ఆపడం లాంటివి అంతగా చేయవు, నొప్పి వచ్చే రోజుల్లో మాత్రమే వాడేలా రాయించుకోవచ్చు. పై మంటకి భోజనం తర్వాత వేసుకునే యాంటాసిడ్, లేదా జీర్ణాశయంలో ఉన్నదాని పైన తేలి అడ్డుకట్ట వేసే ఆల్జినేట్ ద్రవం, అదీ చాలకపోతే యాసిడ్ ఊరడాన్ని తగ్గించే ఒమెప్రజోల్ జాతి మాత్ర నాలుగు నుంచి ఎనిమిది వారాలు. దాన్ని భోజనానికి అరగంట ముందు వేసుకోవాలి. దాన్ని కూడా నెలల తరబడి లాగితే, ఆపినప్పుడు యాసిడ్ కొన్నాళ్ళు మునుపటికన్నా ఎక్కువ ఊరి "ఇది లేకుండా బతకలేను" అనిపిస్తుంది. కాబట్టి రాసేటప్పుడే ఎప్పుడు ఆపాలో అడిగి రాయించుకోండి. మందు మాట అటుంచి, రాత్రి తినడానికీ పడుకోవడానికీ మధ్య మూడు గంటల ఎడం, మంచం తల వైపు కాస్త ఎత్తు, ఎడమ పక్కకి తిరిగి పడుకోవడం, ఇవి పై మంటకి నిజంగానే పనిచేస్తాయి.

ఒమెప్రజోల్ మొదలుపెట్టే ముందు హెలికోబాక్టర్ పైలోరీ (జీర్ణాశయంలో చేరి అల్సర్లు, అంటే పుండ్లు తెచ్చే సూక్ష్మజీవి) పరీక్ష అవసరమా అని అడగండి, ఎందుకంటే ఆ మాత్ర వాడుతూ చేయిస్తే పరీక్ష తప్పు చూపించవచ్చు, రెండు వారాలు ఆపి చేయించాల్సి వస్తుంది, యాంటీబయాటిక్ వాడి ఉంటే నాలుగు వారాలు. మీ ఆయన "అంతా టెన్షన్" అన్నారు కదా, అల్సర్ల గురించి ప్రపంచమంతా చాలాకాలం అదే అంది. ఈ సూక్ష్మజీవే కారణమని చూపించడానికి ఆస్ట్రేలియాలో బ్యారీ మార్షల్ అనే డాక్టర్ 1984లో దాన్ని తానే తాగి జబ్బు తెచ్చుకున్నాడు, 2005లో రాబిన్ వారెన్‌తో కలిపి ఆయనకి నోబెల్ ఇచ్చారు. టెన్షన్‌తో పేగు మెలిపెట్టడం అబద్ధం కాదు, కానీ ఆ మాట పరీక్షలు అయ్యాక అనాల్సింది.

చివర్లో ఇంకో ముక్క రాశారు, వారంలో రెండు మూడు రోజులు తలనొప్పికి మాత్ర వేసుకుంటానని. ఏ మాత్ర? ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ లాంటివైతే అవి జీర్ణాశయం గోడని దెబ్బతీసి అల్సర్ తెచ్చేవి, పైన యాంటాసిడ్ వేస్తూ పోతే నొప్పి తెలియకుండా లోపల పుండు ముదరవచ్చు. పేరు రాసుకుని వెళ్ళి చూపించండి.

కొన్ని కనిపిస్తే పుస్తకంలో రాస్తూ కూర్చోకండి. తారులాంటి నల్లటి మోషన్ (ఐరన్ మాత్రల వల్ల కూడా నల్లగా అవుతుంది, అది వేరు), వాంతిలో రక్తం, మింగుతుంటే అడ్డం పడటం, ప్రయత్నించకుండానే బరువు తగ్గడం, ఆగని వాంతులు, రక్తహీనత, వీటికి వెంటనే వెళ్ళాలి. ఛాతీలో మంట అనుకున్నది చేతికో దవడకో పాకి చెమటలు పడితే అది పొట్ట అనుకోకుండా నేరుగా ఎమర్జెన్సీకి వెళ్ళండి. అలాగే కంట్లో నొప్పితో చూపు మసకబారితే ఈ మాత్ర అక్కడికక్కడ ఆపేయాలి, కొందరికి కంటిలోపలి ఒత్తిడి ఒక్కసారిగా పెరుగుతుంది.

ఒక పని ఈరోజే చేయండి. మిగిలిన స్ట్రిప్‌ని భయంతో చెత్తలో పారేయాలనిపిస్తుంది, పారేయకండి. దాని వెనక పేర్లు, ఎన్ని మిల్లీగ్రాములో ఉంటుంది, అది పట్టుకునే మామగారి డాక్టర్ దగ్గరికి వెళ్ళండి. ఏం చెప్పాలో మాట రాకపోతే బల్ల మీద పెట్టి "ఇవి ఐదు వేసుకున్నారు, నేనే ఇచ్చాను" అనండి చాలు, మిగతావి ఆయనే అడుగుతారు.